సగం మూసిన సింహద్వారం

పాచిని చూసి మురిసిపోయే మనుషుల్ని నేను ఆ వసంతంలోనే మొదటిసారి చూశాను. పెచ్చులూడిన సున్నం, తుప్పు పట్టిన ఊచలు, గోడలో పైనుంచి కింద దాకా దిగిన బీట, ఏది కనపడ్డా నోరు తెరుచుకుని నిలబడిపోయేవాళ్ళు. మా నేపుల్స్‌లో అలాంటి గోడలకి ఏం కొదవ? కానీ వాటి ముందు మడత కుర్చీ వేసుక్కూచుని, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కళ్ళు చికిలించి చూసేవాళ్ళని మాత్రం మేమెరగం. వాళ్ళు మార్చిలో వచ్చారు. జూన్ వచ్చేసరికి మాకు ఇల్లు లేదు.

ఇల్లంటే గేటు గది. మా నాన్న సబతీనో ఆ పాత భవంతికి వాచ్‌మన్. అంతకుముందు మా తాత. సింహద్వారం పక్కనే రెండు గదులు, అందులో నానమ్మ, నాన్న, అమ్మ, నేను. ద్వారం దాటి లోపలికొస్తే రాళ్ళు పరిచిన ముంగిలి, ఎదురుగా పక్షి రెక్కలు విప్పినట్టు రెండు వైపులకీ లేచే మెట్లు. ఆ మెట్ల కోసమే వచ్చారు అమెరికాలో ఆర్కిటెక్చర్ చదివే ఆ పిల్లలు. మొదటి అంతస్తు మొత్తం దొన్నా ఎర్సీలియాది, భవంతిలో ఆవిడ మాటే మాట. మొగుడు పోయాక ఆవిడకి మిగిలినవి పెద్ద పేరు, బీటలిచ్చిన గోడలు. ఆవిడే వాళ్ళకి గదులిచ్చి, ముంగిలి కూడా రాసిచ్చినంత పని చేసింది.

వాళ్ళ ప్రొఫెసర్ పేరు హాలిస్. తెల్ల గడ్డం, ఎప్పుడూ ఒకటే లేతరంగు కోటు. మా భాషలో ఆయనకొచ్చింది ఒక్కటే మాట, బెల్లిస్సిమో. అద్భుతం అని. పిల్లి దగ్గినా బెల్లిస్సిమోయే. టూరిజం కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు నాకు కాస్త ఉండబట్టి, ఆయన చెప్పింది మావాళ్ళకీ, మావాళ్ళు చెప్పింది ఆయనకీ అందించే పని నా నెత్తిన పడింది.

"గోడని వెయ్యకండి, గోడ మీది వెలుతురుని వెయ్యండి" అనేవాడాయన పిల్లలతో. నీటిరంగుల్లో తెల్లరంగు వాడకూడదట. తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలట. పొద్దున పది దాటాక సింహద్వారం రెండు తలుపు రెక్కల మధ్య నుంచీ వీధి ఎండ లోపలికొచ్చి, మెట్ల మొదట్లో వెడల్పుగా పరుచుకునేది. ఆ ఎండ ముక్కని ప్రతి పిల్లా పిల్లాడూ కాగితం మీద ఖాళీగా వదులుకుని, చుట్టూ నీడలు పుయ్యడం మొదలెట్టారు. కుంచె కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి నానమ్మ పుదీనా కుండీలో పోసేవాళ్ళు. వారం తిరక్కుండా పుదీనా చచ్చింది. పలచబడిన నీలం, బురద గోధుమ కలిసి ఆ మట్టి మీద అట్టకట్టింది.

అన్నిటికంటే వాళ్ళకి నచ్చింది మా గది గోడ మీద మరక. ఆకుపచ్చా పసుపూ కలిసి, అంచుల్లో ఇటికరంగు తిరిగి, పైనుంచి మా కిటికీ దాకా జారిన మరక. ఆ రంగు కలపడానికి పోటీలు పడేవాళ్ళు. పళ్ళాల్లో చుక్క చుక్క కలిపి, గోడ దగ్గరికి తెచ్చి పోల్చుకునేవాళ్ళు. "చూడు, ఎంత లోతుందో ఇందులో" అనేవాడు హాలిస్. లోతేం ఖర్మ. అది దొన్నా ఎర్సీలియా పాయిఖానా గొట్టం పగిలి కారుతున్న మరక. గోడకి ఇవతల నానమ్మ మంచం.

నానమ్మకి మాత్రం వాళ్ళంటే సరదా. పొద్దున్నే బఠానీ కాయలన్నీ ఒళ్ళో పోసుకుని, మెట్ల పక్కన కుర్చీలో కూచుని ఒలిచేది. మెరెడిత్ అనే పిల్ల ఎప్పుడూ ఆవిడకెదురుగా బొమ్మ వేసే స్టాండు పెట్టుకునేది.

"ఏమే మఫాల్దా, ఆ పిల్ల నన్నేనా గీస్తోంది?" అంది నానమ్మ ఒకరోజు.

"నిన్నే."

"ముక్కు సరిగ్గా వెయ్యమను. మీ తాత ఈ ముక్కు చూసే నన్ను చేసుకున్నాడు."

నేను మెరెడిత్‌కి చెప్పాను. ఆ పిల్ల ముద్దుగా నవ్వింది. "ముక్కుండదు. ఆవిడ కొలత కోసం అంతే. పక్కన ఒక మనిషుంటేనే కదా మెట్లు ఎంత ఎత్తో తెలిసేది" అంది. చూద్దును కదా, అంత పెద్ద కాగితం మీద వేలిగోరంత నల్ల మచ్చ. అందరి కాగితాల మీదా అదే మచ్చ.

"ఏమంటోంది?" అంది నానమ్మ.

"ముక్కే బాగా కుదిరిందట."

ఆ మర్నాటి నుంచీ నానమ్మ పెళ్ళిళ్ళకి పెట్టుకునే పగడాల కమ్మలు పెట్టుకుని కూచోవడం మొదలెట్టింది. "ఏంటత్తయ్యా, కొత్త పెళ్ళికూతురిలా తయారవుతున్నావ్?" అని అమ్మ ఏడిపిస్తే, "అమెరికాలో నా మొహం వేలాడదీస్తారే, నీ మొహం ఎవడడిగాడు?" అని గదిమేది. వాళ్ళిద్దరూ అలా నవ్వుకుంటుంటే ఆ నల్ల మచ్చల సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజుల్లోనే మూడో అంతస్తు లాయరుగారు పోయారు. మా దగ్గర ఇంట్లో మనిషి పోతే సింహద్వారం ఒక రెక్క మూసేస్తారు. ఏడో రోజు ప్రార్థన అయ్యేదాకా తియ్యరు. వీధిన పోయేవాడు ఆ సగం తలుపు చూసి టోపీ తీస్తాడు. నాన్న వెళ్ళి ఎడమ రెక్క మూశాడు. మెట్ల దగ్గర ఎండ సగమైపోయింది. హాలిస్ గొణిగాడు గానీ, దొన్నా ఎర్సీలియా అడ్డంగా తల ఊపింది. "మా ఆచారం ప్రొఫెసర్‌గారూ, ఏం చెయ్యలేం" అంది. ఆయన పిల్లల్ని వెంటేసుకుని వారం పాటు సముద్రం ఒడ్డుకి పోయి పడవలు వేయించాడు.

ఆ సాయంత్రం నానమ్మ కుర్చీలోంచి ఆ మూసిన రెక్కనే చూస్తూ కూచుంది. "ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నించీ చూస్తున్నా. మీ నాన్న మూసేవాడు, ఆయనకి జ్వరమొస్తే నేను మూసేదాన్ని. ఏ అంతస్తు వాళ్ళకి మూయలేదు? నాకూ మూస్తారుట్రా సబతీనో?"

"అదేం మాటమ్మా. మూసేది నేనే కదా" అన్నాడు నాన్న.

"ఊరికే అడిగాలే. బరువైన తలుపు. నీ నడుం జాగ్రత్త" అంది.

ఏప్రిల్లో ఆవిడకి దగ్గు పట్టుకుంది. చెమ్మకి గోడ మీద బూజు దుప్పటి దాకా పాకింది. నాన్న దొన్నా ఎర్సీలియా కాళ్ళావేళ్ళా పడితే, చివరికి ఆవిడ ఒక తాపీ మేస్త్రీని పంపించింది. అతను నిచ్చెన వేసి, గొట్టం మీద ఇంకా చెయ్యి వేశాడో లేదో, హాలిస్ పరిగెత్తుకొచ్చాడు. పిల్లలు కూడా స్టాండ్ల వెనక నుంచి లేచారు, తమ సొమ్మెవడో ఎత్తుకుపోతున్నట్టు.

"వద్దని చెప్పు, దయచేసి వద్దని చెప్పు" అన్నాడు నాతో. "ఇంకా నాలుగు వారాలే. ఆ మరక మీద పిల్లలు ఎంత కష్టపడ్డారో నీకు తెలుసు. సున్నం కొడితే అన్నీ పోతాయి."

"మా నానమ్మకి దగ్గు" అన్నాను.

"అయ్యో. పాపం" అన్నాడు, గుండె మీద చెయ్యి పెట్టుకుని. నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు ఒళ్ళు మండించేది. తరవాత పైకెళ్ళి దొన్నా ఎర్సీలియాతో మాట్లాడాడు. మేస్త్రీ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మా నేనూ నానమ్మ మంచాన్ని అవతలి గోడ దగ్గరికి జరిపాం. రెండు గదుల ఇంట్లో ఎంత దూరం జరుపుతాం? ఆ గోడ వల్లే పోయిందని డాక్టరు అనలేదు. నేనూ అనను. మే మొదట్లో ఒక తెల్లవారుజామున నానమ్మ పోయింది. దగ్గు ఆగింది కదా, నిద్రపట్టిందనుకున్నాం.

నాన్న ఏడవలేదు. మొహం కడుక్కుని, యూనిఫాం కోటు తొడుక్కుని, బయటికెళ్ళి ఎడమ రెక్క మూశాడు. ఆ చప్పుడికి అప్పుడు ఏడ్చింది అమ్మ.

సమాధి రాయి మీద పెట్టడానికి నానమ్మ ఫొటో కోసం అమ్మ ఇల్లంతా వెతికింది. దొరికిన ఒక్క ఫొటోలో నానమ్మకి ఇరవై ఏళ్ళు, పక్కన తాత, ఇద్దరి మొహాలూ వెలిసిపోయి ఉన్నాయి. అప్పుడే మెరెడిత్ వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో తన బొమ్మ, దాని చుట్టూ రిబ్బను. "మీకే. ఆవిడ ఇందులో ఉంది" అంది.

అమ్మ ఆశగా రిబ్బను విప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పైనుంచి కిందకి మెట్లన్నీ వెతికింది.

"ఏదే అత్తయ్య?"

నేను వేలు పెట్టి చూపించాను.

"ఇదా? మొహమేది?"

నేను అడిగాను. "ఆ సైజులో మొహం వెయ్యరు" అంది మెరెడిత్, కాస్త తడబడి.

అమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "కమ్మలు పెట్టుక్కూచుంది తల్లీ మీకోసం. ఇంతమంది రెండు నెలలు ఎదురుగా కూచుని చూశారు. ఒక్కళ్ళకీ ఆవిడ మొహం కనపడలేదా?"

నేనది ఇంగ్లీషులో చెప్పలేదు. మెరెడిత్ నా వైపు చూసి, అమ్మ వైపు చూసి, అమ్మ థాంక్యూ చెప్పిందనుకుందో ఏమో, అమ్మని వాటేసుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆ బొమ్మని మంచం కింద తోసింది.

అంత్యక్రియలైన సాయంత్రం దొన్నా ఎర్సీలియా కిందికి దిగింది. ఆవిడ మా గది దాకా రావడం అదే మొదలు. గుమ్మంలోనే నిలబడి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. సొంత గొట్టం వాసన ఆవిడకి కొత్తేమో.

"మీ అమ్మంటే నాకెంత అభిమానమో నీకు తెలుసు సబతీనో."

"తెలుసమ్మగారూ."

"శనివారం పిల్లల బొమ్మలు ముంగిట్లో పెడుతున్నారు. వాళ్ళ యూనివర్సిటీ పెద్దలు అమెరికా నుంచి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే నా అంతస్తు మొత్తం ఏళ్ళ తరబడి తీసుకుంటారు. అప్పుడు ఈ భవంతికి వాచ్‌మన్ ఉండాలా వద్దా అన్న గొడవే ఉండదు. నీకూ మంచిదే."

"అవునమ్మగారూ."

"బొమ్మల్లో ఆ ఎండ ఉంది కదా. జనం బొమ్మనీ మెట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ రెక్క తెరిచి పెట్టు. ఆదివారం నుంచి మళ్ళీ మూసుకో కావాలంటే."

అమ్మ స్టవ్ దగ్గర నుంచి ఇటు తిరిగింది. "లాయరుగారికి వారమంతా మూశారు కదమ్మగారూ" అంది.

"ఆయనంటే ఈ ఇంటివాళ్ళు కదే అమ్మాయ్" అంది దొన్నా ఎర్సీలియా. కోపంగా కాదు, చిన్నపిల్లకి అక్షరాలు చెప్పినట్టు, ఓపిగ్గా.

నాన్న నేల చూశాడు. "అలాగే అమ్మగారూ" అన్నాడు.

ఆవిడ వెళ్ళాక అమ్మ నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. "మూసేది నేనే కదా అన్నావ్. చెవులారా విన్నాను."

"ఈ గది పోతే ఎక్కడుంటాం?"

"ఎక్కడైనా ఉంటాం. ఇంటివాళ్ళం కాదట కదా, ఇక ఇల్లు పోయేదేంటి?"

"నీకేం తెలుసు, ఊరుకో."

"ఏమయ్యా, కన్నతల్లయ్యా! నీకు సిగ్గు లేకపోయె, నాకుందయ్యా" అంది అమ్మ. ఆ తరవాత నాన్నతో మాట్లాడలేదు. నాక్కూడా ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఆ వంగిన మెడ, ఆ 'అలాగే', చిన్నప్పట్నించీ వింటున్న మాటే, ఇప్పుడు పాచి కంపు కొట్టింది.

శనివారం పొద్దున రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎండ వచ్చి తన చోట తను పడింది. ముంగిలంతా స్టాండ్లు, వాటి మీద మా మెట్లు, మా మరక, మా నల్ల మచ్చ. చేతుల్లో తెల్ల వైను గ్లాసులు పట్టుకుని పెద్దమనుషులు తిరుగుతున్నారు. బొమ్మని చూస్తారు, గోడని చూస్తారు, తలలూపుతారు. ముత్యాల హారం వేసుకున్న ఒకావిడ నన్ను పిలిచి, ఈ అందమైన పచ్చరంగు దేనిదని అడిగింది.

"పై అంతస్తు పాయిఖానా గొట్టానిది" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి, "మీ నేపుల్స్ వాళ్ళ హాస్యమే హాస్యం" అని నా భుజం తట్టింది. ఆ చెయ్యి తగిలిన చోటు కడుక్కోవాలనిపించింది నాకు.

అమ్మ ఎప్పుడు బయటికొచ్చిందో నేను చూడలేదు. నల్లగౌను, నల్ల మేజోళ్ళు, తల మీద నల్ల గుడ్డ. ఎవరినీ తోసుకోకుండా, ఎవరినీ చూడకుండా జనం మధ్య నుంచి నడిచి సింహద్వారం దగ్గరికెళ్ళింది. ఎడమ రెక్క కొక్కెం తీసి, భుజం ఆనించి తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది. రెక్క మూలుగుతూ కదిలి, వచ్చి మూసుకుంది. మెట్ల దగ్గర ఎండ సగం పోయింది.

దొన్నా ఎర్సీలియా మొహం కందగడ్డయింది. "సబతీనో!" అని అరవబోయింది. అంతలో హాలిస్ చెయ్యెత్తాడు.

"ఎవరూ కదలకండి" అన్నాడు మెల్లగా. "బెల్లిస్సిమో."

అమ్మ చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. నల్లబట్టల మీద ఒక పక్క ఎండ, ఒక పక్క చీకటి. పిల్లలు అప్పటికే గ్లాసులు కింద పెట్టి, సంచుల్లోంచి కాగితాలు లాగుతున్నారు. ఒకడు నేల మీదే చతికిలబడ్డాడు. మెరెడిత్ వైను గ్లాసులోనే కుంచె ముంచింది.

"ఆవిణ్ణి అలాగే ఉండమని చెప్పు, పది నిమిషాలు" అన్నాడు హాలిస్ నాతో. "ఇది రెండు రెక్కలూ తెరిచి ఉన్నప్పటికంటే గొప్పగా ఉంది. ఇంతకుముందు ఎందుకు చూడలేదు మనం?"

దొన్నా ఎర్సీలియా ఆయన మొహం చూసింది, అమెరికా పెద్దల మొహాలు చూసింది. ఊపిరి వదిలింది. "ఉండనీ సబతీనో, మూసే ఉంచు. ఎంత బాగుందో చూడు" అంది నవ్వుతూ.

నానమ్మ కోరుకున్నది అదే. రెక్క మూసి ఉంది. మూసి ఉంచమని దొన్నా ఎర్సీలియా నోటితోనే అంది. నాకు మాత్రం ఆ కుంచెల తడి చప్పుడే వినపడుతోంది. నానమ్మని మచ్చ చేశారు, ఇప్పుడు నానమ్మ చావుని కూడా పలచగా కలుపుకుంటున్నారు. అమ్మకి ఇంగ్లీషు రాదు, కానీ ఏం జరుగుతోందో తెలిసిపోయింది. చెయ్యి తీస్తే తలుపు వదిలేసినట్టు, తియ్యకపోతే వాళ్ళ బొమ్మల కోసం నిలబడినట్టు. బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది.

అప్పుడు గేటు గది గుమ్మంలోంచి నాన్న దిగాడు. నడుం కాస్త వంచి, ఎప్పటి నడకే. తలుపు దగ్గరికెళ్ళి, అమ్మ చేతిని మెల్లగా తలుపు మీద నుంచి తీశాడు. తరవాత ఆ రెక్కని గోడ దాకా తోసి, కొక్కెం పెట్టాడు. ఎండ మళ్ళీ వెడల్పుగా పడింది. పిల్లలందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు.

"సబతీనో! మూసి ఉంచమన్నాను!" అంది దొన్నా ఎర్సీలియా.

"మా అమ్మకి మూశాం అమ్మగారూ" అన్నాడు నాన్న. "వీళ్ళకి కాదు."

ఆయన నోట 'అలాగే' కాని మాట ఆవిడకి చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడా విని ఉండదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు హాలిస్, కుంచె పట్టుకునే.

"అందర్నీ బయటికి వెళ్ళమంటున్నాడు" అన్నాను నేను.

హాలిస్ నాన్న వైపు చూశాడు. నాన్న కళ్ళు దించలేదు. కాసేపటికి ఎవరో గ్లాసు మెట్టు మీద పెట్టారు. ఎవరో స్టాండు మడిచారు. నాన్నకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు, కానీ వాళ్ళు సర్దుకోవడం చూసి, నువ్వేం చెప్పావని నన్నడగలేదు. సింహద్వారం పక్కన నిలబడి, టోపీ తీసి, ఇన్నేళ్ళూ చేసినట్టే ఒక్కొక్కళ్ళకీ తల వంచి, "వెళ్ళి రండి" అంటూ పంపించాడు. మెరెడిత్ ఏడుస్తూ వెళ్ళింది. ఆ పిల్లకీ తల వంచాడు.

ఆఖరి మనిషి వీధిలోకి దిగాక, టోపీ పెట్టుకుని కొక్కెం తీశాడు. దొన్నా ఎర్సీలియా ఇంకా ముంగిట్లోనే నిలబడి చూస్తోంది. నాన్న ఒక్కడే తొయ్యబోతుంటే అమ్మ వెళ్ళి పక్కన భుజం ఆనించింది. ఇద్దరూ కలిసి ఆ రెక్క మూశారు.